బొమ్మలలోని గుర్తులను చదువుట

పిల్లవాడు అక్షరము నేర్చుటకు చాల ముందే బొమ్మను చదువ నేర్చును. బస్సు పలకపైనున్న ఊరి పేరు చదువలేని మూడేండ్ల బిడ్డ, గోడకు వ్రేలాడు పటమును చూచి, తలపై నెమలిపింఛమున్నచో కృష్ణుడనియు, చేత విల్లున్నచో రాముడనియు తడుముకొనక చెప్పును. ఇది ముఖములు చూచి చెప్పుట కాదు. ఆ పటములలో ముఖములన్నియు ఇంచుమించు ఒక్క తీరుననే యుండును. బిడ్డ చదివినది పింఛమును, వింటిని. ఇంటిలో అవ్వయో తల్లియో ఒడిలో కూర్చుండబెట్టుకొని వ్రేలితో చూపి నేర్పిన చదువిది.

బడిలో చేరినతోడనే ఈ చదువు ఆగిపోవుచున్నది. అక్షరములు వచ్చినవి కదా, ఇక బొమ్మలతో పని యేమని మనమనుకొందుము. చిత్రలేఖనమునకు కేటాయించిన గంటను లెక్కల పాఠమున కిచ్చిన మేలని తలచు తలిదండ్రులు కొందరు గలరు. పరీక్షలనుగూర్చి వారికి గల తొందర అర్థము కానిది కాదు. అయినను, బొమ్మను చదువుటయు ఒక విద్యయే యనియు, అది పుస్తకపు చదువునకు అడ్డు రాదనియు, మన వంటి కుటుంబములకు అది మరింత అవసరమనియు ఈ వ్యాసమున చెప్పదలచితిని.

మన వంటి కుటుంబము లనగా నేమి? ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడము, సంతలో మరాఠీ, ఇరుగుపొరుగున దక్కనీ ఉర్దూ. భాల్కి 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రములో నుండెను. ఆ పిమ్మట మైసూరు రాష్ట్రములో చేరెను. 1973లో ఆ రాష్ట్రమునకే కర్ణాటక మను పేరు వచ్చెను. ఇన్ని మార్పుల నడుమ మన పెద్దలలో ఒకరు ఉర్దూలో, ఒకరు మరాఠీలో, ఒకరు కన్నడములో చదువుకొనిరి. కమ్మగా తెలుగు మాటలాడుచు తెలుగు లిపి చదువలేని తల్లులు మనలో నెందరో గలరు. బిడ్డ పుస్తకము తెరచి కూర్చున్నప్పుడు, “నాకు చదువ రాదు నాయనా, మీ టీచరు నడుగుము” అని లేచిపోవుట వారికి అలవాటైనది. ఆ తల్లులకొరకే ముఖ్యముగా ఈ మాటలు. బొమ్మను చదువుటకు లిపి అక్కరలేదు. ఆ విద్యలో బడిపంతులుకంటె ఆమెకే ఎక్కువ తెలిసి యుండవచ్చును.

ముందుగా గుర్తు అనగా నేమో కొంచెము చూతము. అమెరికా తత్త్వవేత్త చార్లెస్ పర్స్ (1839–1914) గుర్తులను మూడు తెగలుగా విభజించెను. ఎద్దు బొమ్మ ఎద్దును పోలియుండుటచేత ఎద్దును తెలుపును, అది పోలిక. బురదలోని గిట్టల అచ్చు ఎద్దు ఆ దారిని పోయినదని తెలుపును, అది జాడ. ఎరుపు దీపము వెలిగినప్పుడు బండి ఆపవలెననుట పోలికయు కాదు, జాడయు కాదు. నలుగురు కలిసి చేసికొన్న ఒప్పందము. పేరులను గుర్తుంచుకొన నక్కరలేదు గాని, మూడవ దానిని మాత్రము మరువరాదు. చిత్రకళలో మనలను తికమక పెట్టునవన్నియు ఒప్పందపు గుర్తులే. ఒప్పందము తెలిసినవాడు చదువును. తెలియనివాడు ఎంత తెలివిగలవాడైనను ఊహించును, అంతే.

మన ముంగిటి ముగ్గునే తీసికొందము. సంక్రాంతి పండుగ ముగియు దినమున రథము ముగ్గు వేసి, దాని త్రాటిని వీధిలోనికి గీసి పొరుగింటి ముగ్గుతో కలుపుదురు. ఆ గీత ఏ వస్తువునకును పోలిక కాదు. వీధిలోని వారందరును కలిసి రథమును సాగనంపుచున్నారని దాని అర్థము. ఇంతకంటె వింతయైనది మరియొకటి కలదు. తెల్లవారినను ముంగిట ముగ్గు లేని యింటిని చూచి, మనవారు గొంతు తగ్గించి, “ఏమైనదో పాపము” అని యనుకొందురు. మైలలో నున్న యింట ముగ్గు వేయరు. అచట గీసినది ఏమియు లేదు. అయినను చూచువారు చదువుచున్నారు. ఉండవలసినచోట లేకపోవుటయు ఒక గుర్తే. దీనిని బిడ్డకు ఒకసారి చూపి చెప్పినచో, ఇక చెప్పబోవు అమరావతి శిల్పమును అర్థము చేసికొనుటకు సగము దారి నడచినట్లే.

కృష్ణానది యొడ్డున అమరావతిలో క్రీస్తునకు పూర్వము మొదలై కొన్ని శతాబ్దులు పెంపొందిన మహాస్తూపముండెను. పలనాటి సున్నపురాతి పలకలపై అచటి శిల్పులు బుద్ధుని చరిత్రను చెక్కిరి. లండనులోని బ్రిటిషు మ్యూజియములో అచటి పలక యొకటి కలదు. దాని ఒక ముఖమున క్రీ.పూ. 1వ శతాబ్దిలో చెక్కిన దృశ్యము: బోధివృక్షము, దాని క్రింద ఆసనము, చుట్టును మ్రొక్కుచున్న జనము. ఆసనముపై ఎవరును లేరు. ఏమియు తెలియక చూచువాడు, ‘పాపము, శిల్పి పని ముగింపక పోయినాడు’ అని యనుకొనవచ్చును. ఆనాటి వారు మాత్రము ఆ ఖాళీ ఆసనమునకే చేతులు మోడ్చిరి. ఇట్లే పాదముద్రలు, ధర్మచక్రము, గొడుగు బుద్ధుని తావున కనబడును. సాంచీ తోరణముపై రౌతు లేని గుఱ్ఱమునకు గొడుగు పట్టి నడచు సేవకులను చెక్కిరి. సిద్ధార్థుడు రాత్రివేళ ఇల్లు విడిచి పోవుట అది. ఎవరికి గొడుగు పట్టుచున్నారో చూపనవసరము శిల్పికి కలుగలేదు.

స్తూపమునకు నాలుగు దిక్కుల వేదికలపై ఐదేసి ఆయక స్తంభములు నిలుపుట ఆంధ్రదేశపు బౌద్ధ శిల్పులకు ప్రత్యేకమైన పద్ధతి. ఆ ఐదును బుద్ధుని పుట్టుక, గృహత్యాగము, జ్ఞానోదయము, మొదటి బోధ, నిర్వాణము అను ఐదు ఘట్టములకు గుర్తులని పండితులు చెప్పుదురు. వట్టి రాతి స్తంభమైదు నిలువగానే ఒక జీవితకథ పూర్తియగుట గమనింపదగినది.

ఇచట ఒక విషయము చెప్పక తప్పదు. తొలికాలపు శిల్పులు బుద్ధుని మనుష్యరూపమును చెక్కుటకు జంకి, గుర్తులతో సరిపెట్టుకొనిరని ఫ్రెంచి పండితుడు ఫూషే మొదలగువారు నిర్ణయించిరి. చాలకాలము అందరును దానినే ఒప్పుకొనిరి. 1990లో అమెరికా పండితురాలు సూసన్ హంటింగ్టన్ దానికి అడ్డుచెప్పెను. ఆ పలకలలో పెక్కింటి దృశ్యము బుద్ధుని కాలమునాటిది కాదు, తరువాతి భక్తులు పుణ్యస్థలములకు పోయి ఆ చెట్టును, ఆ ఆసనమును కొలుచుటయే యని ఆమె వాదము. అట్లయినచో ఖాళీ ఆసనము దేనికిని మారు కాదు. అది నిజముగనే ఖాళీ ఆసనము! పెద్ద పండితులే ఇట్లు ఎదురెదురుగా చదివినప్పుడు, బిడ్డ వేరొక విధముగా చదివినంత మాత్రమున గద్దించుట తగదు. ‘నీకెట్లు తోచినది? బొమ్మలో ఎచట చూచి చెప్పితివి?’ అని యడుగుట చాలును.

చదువ తెలియకపోవుటవలన అమరావతికి కలిగిన నష్టము చిన్నది కాదు. 1797లో కాలిన్ మెకంజీ అచటికి వచ్చునాటికే దిబ్బను త్రవ్వి రాళ్లను కట్టడములకు తీసికొనిపోవుట జరుగుచుండెను. కొన్ని పలకలు సున్నపుబట్టీలో కాలిపోయినవి. కాల్చినవారు దుర్మార్గులు కారు. వారి కండ్లకది మంచి సున్నమునకు పనికివచ్చు రాయి. అంతకుమించి ఏమియు చెప్పని రాయి.

అమరావతి మనకు దూరము. వీరగల్లు దూరము కాదు. కర్ణాటకమునను తెలుగునేలను ఊరి పొలిమేరలలో, గుడి ప్రాంగణములలో, చెట్టు మొదళ్లలో ఈ రాళ్లు నిలిచియున్నవి. ఒక్కొక్కచోట బట్టలుతుకు బండగా పడియుండుటయు కలదు. వీరుడు మరణించినప్పుడు ఊరివారు అతని పేర నిలిపిన రాయి అది. దానిని చదువుటకు మొదట తెలియవలసినది, క్రిందినుండి పైకి చదువవలెనని. సిద్దిపేట ప్రాంతపు చేర్యాల పటముకథల బొమ్మలలో కథ పైనుండి క్రిందికి దిగును. వీరగల్లులో కథ పైకెక్కును. అట్లుండుటకు కారణమును రాయియే చెప్పును.

సాధారణముగా వీరగల్లులో మూడు అంతరములుండును. అన్నిటికంటె క్రింద యుద్ధము. కత్తి, డాలు, విల్లు, ఎదురు నిలిచిన శత్రువులు. ఒక మూల ఆవులు చెక్కియున్నచో, ఆలమందను దొంగలనుండి కాపాడుచు చనిపోయినవాడని గ్రహింపవలెను. పులి యున్నచో పులితో పోరి చనిపోయినవాడు. నడిమి అంతరమున వీరునకు ఇరుప్రక్కల అప్సరసలు చేతులు పట్టుకొని, లేక పల్లకిలో కూర్చుండబెట్టి, పైకి కొనిపోవుచుందురు. అప్సరస లెగురుచున్నారని తెలుపుటకు వారి కాళ్లను మోకాళ్లవద్ద వెనుకకు మడచి చెక్కుదురు, రెక్కలు పెట్టరు. పై అంతరమున శివలింగము, నంది, పూజారి. ప్రక్కనే చేతులు మోడ్చి శాంతముగా కూర్చున్న వీరుడు. లింగమునకు బదులు జినుడున్నచో అతడు జైనుడు. ఈ మూడింటికిని పైన, రాతి కొనయందు, సూర్యచంద్రులు.

సూర్యచంద్రుల మాట కొంచెము విడమరచి చెప్పవలెను. వారు అచట పగలు రేయి తెలుపుటకు లేరు. పాత దానశాసనములలో ‘ఆచంద్రార్కము’ అను మాట కలదు. సూర్యచంద్రులున్నంత కాలము ఈ దానము చెల్లవలెనని దాని భావము. శాసనము చదువగలవారు ఊరిలో ఒకరిద్దరే యుందురు. మిగిలినవారి కొరకు ఆ మాటను బొమ్మగా చెక్కిరి. దున్నుకొనుటకు పోవు రైతు ఆ రాతిని చూచి, ‘ఇది గుడిమాన్యము, ఎప్పటికిని గుడిదే’ యని తెలిసికొనెను. కొన్ని శాసనములపై ఆవు, దూడ కూడ నుండును. మహారాష్ట్రమునను కొంకణమునను కొన్ని రాళ్లపై గాడిదను చెక్కుదురు. దానము నపహరించినవానికి పెట్టిన శాపము అది. ఆ బొమ్మ వర్ణింపదగినది కాదు గాని, చూచినవాడెవడును ఆ పొలముజోలికి పోడు. చట్టమును అక్షరములతో వ్రాసి, దానికి భయమును బొమ్మతో జోడించిరన్నమాట.

వీరగల్లు ప్రక్కన మరియొక రాయి నిలిచియుండవచ్చును. దానిపై మోచేత వంచి పైకెత్తిన స్త్రీ చేయి, తెరచిన అరచేయి, చేతినిండ గాజులు. అది మాస్తికల్లు. భర్తతో సహగమనము చేసిన స్త్రీ గుర్తు. భర్త పోయినను గాజులు పగులలేదని, ఆమె ముత్తైదువగనే పోయినదని చెప్పుటకు ఆ గాజులను అంత స్పష్టముగా చెక్కిరి. ఆ ఆచారమును మనము మెచ్చుకొనవలసిన పనిలేదు, మెచ్చుకొనరాదు కూడను. ఆడపిల్లల తల్లిగా నాకు ఆ చేయి చూచునప్పుడు మనస్సు చివుక్కుమనును. అయినను గాజులకు అర్థమేమో చెప్పక, ‘ఏదో చేయి’ అని బిడ్డను ముందుకు లాగుకొనిపోవుట ఆ స్త్రీకి రెండవసారి అన్యాయము చేయుట యగును. చదువుట వేరు, ఒప్పుకొనుట వేరు.

ఇక బీదరునకు వత్తము. భాల్కినుండి రైలులో పోదగినంత దగ్గర. కోటలో షర్జా దర్వాజా అను ద్వారము కలదు. 1503 నాటి శాసనము దానిపై కలదు. ద్వారపు ముఖమున రెండు వ్యాఘ్రములను చెక్కియుండుటచేతనే దానికి ఆ పేరు వచ్చెను. కోటలోపలి తఖ్త్ మహల్ కమాను మూలలయందు, వీపుపై ఉదయించు సూర్యుడు గల సింహపు రూపము రంగుపెంకులతో పొదిగియున్నది. సింహము, సూర్యుడు ఇరానువారి పాతగుర్తు. 1979 విప్లవము వరకు వారి జెండాపై నుండెను. బహమనీ సుల్తానుల కొలువున ఇరానునుండి వచ్చిన పండితులు, శిల్పులు పెక్కుమంది యుండిరి. ముస్లిము సంప్రదాయములో హజ్రత్ అలీకి దైవసింహమను బిరుదు కలదు. మన పిల్లవాడా ద్వారము చూచి, అది దుర్గమ్మ వాహన మని యనినచో నవ్వరాదు. వానికి తెలిసిన సింహము అదియే. అశోకుని సారనాథ స్తంభముపై వెనుక వెనుకలుగా కూర్చున్న సింహములు మరియొక మాట చెప్పును. జంతువొకటే, చెప్పు మాట దాని ప్రక్కనున్న వానినిబట్టి మారును. సూర్యునితో కలిసిన సింహము, దేవిని మోయు సింహము, చక్రముపై నిలిచిన సింహము ఒకటి కావు.

బీదరునకు తూర్పున అష్టూరులో బహమనీ సుల్తానుల సమాధులున్నవి. 1436లో మరణించిన అహ్మద్ షా వలీ సమాధి లోపలి గోడలును కప్పును రంగులతో, బంగారు అక్షరములతో నిండియున్నవి. అచట అక్షరమే బొమ్మ యైనది. ఆ అలంకరణలో స్వస్తికాకృతియు కనబడును. దానిని చూపి, ‘ఇది మాది, అచటికెట్లు వచ్చెను?’ అని వాదించువారుందురు. స్వస్తికము బౌద్ధుల శిల్పములలో కలదు, జైనులకు పవిత్రము, మన గడపలపై పసుపుకుంకుమలతో దానిని దిద్దుదుము. ట్రాయి నగరపు త్రవ్వకములలోను దొరికినది. 1920లో జర్మనీలో నాజీ పక్షమువారు దానిని తమ గుర్తుగా తీసికొనిరి; నేడు యూరపులో దానిని చూచి వణకువారు గలరు. గీతలు మారలేదు. వానిని పట్టుకొన్న చేతులు మారినవి. గుర్తు కనబడినంత మాత్రమున అది ఎవరి సొత్తో తీర్పు చెప్పుట తొందరపాటు. అష్టూరువారు ఆ తొందర పడలేదు. ఆ సుల్తాను ఉరుసునకు కలబురగి జిల్లానుండి జంగమగురువు వచ్చును. లింగాయతులలో పలువురు ఆయనను అల్లమప్రభువుగా తలచి మ్రొక్కుదురు. ఒక సమాధిని రెండు విధముల చదువుచు, ఏటేట ఒక్కచోటనే కూడుచున్నారు.

ఇంతవరకు చెప్పినది విని, కనబడు ప్రతి పువ్వునకు ఒక అర్థము వెదకుటకు పూనుకొనువారుందురు. అదియు పొరపాటే. మన జిల్లా బిద్రీ పాత్రలను చూడుడు. జస్తులో కొంచెము రాగి కలిపి పోతపోసి, గీతలు చెక్కి, వెండిని పొదిగి, కోటలోని మట్టితో నవాసారము కలిపిన నీటిలో కాచి నల్లన చేయుదురు. 2006లో దానికి భౌగోళిక గుర్తింపు లభించెను. దానిపై గసగసాల పువ్వు, లతలు, చేపపొలుసు అల్లిక మొదలగునవి ఉండును. గసగసాల పువ్వు దేనికి గుర్తని అడిగినచో, ‘అందమునకు, బాబూ’ అని పనివాడు చెప్పినను చెప్పును. ఆ జవాబు తక్కువది కాదు. నల్లని నేలపై తెల్లని వెండి ఎట్లు నిలుచునో, ఖాళీ ఎంత విడిచినచో పువ్వు పలుకునో చూచుటయే అచటి చదువు.

గుర్తుల అర్థము ఒప్పందముచే నిలుచునని పైన చెప్పితిని. ఒప్పందమును తిరిగి వ్రాసికొనవచ్చును గూడ. దీనికి మన తెలుగువారి చేతిమీదుగా మొదలైన ఉదాహరణమే కలదు. 1921లో బెజవాడ కాంగ్రెసు సభలయందు పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా నిచ్చెను. ఎరుపు, ఆకుపచ్చ రంగులు హిందువులకు, ముస్లిములకు గుర్తులని అప్పుడనుకొనిరి. మిగిలిన మతములవారి కొరకు తెలుపును చేర్పుమని గాంధీజీ కోరెను; నడుమ రాట్నము నిలిచెను. అయితే రంగును మతమునకు ముడివేసినచో, ‘మా రంగేది? మాది క్రిందనేల?’ అను ప్రశ్నలు రాక మానవు, వచ్చినవి. 1931లో కాంగ్రెసు కాషాయము, తెలుపు, ఆకుపచ్చలను నిర్ణయించి, వానికి మతములతో సంబంధము లేదని స్పష్టముగా తీర్మానించెను. కాషాయము ధైర్యత్యాగములకు, తెలుపు సత్యశాంతులకు గుర్తులైనవి. 1947 జూలై 22న రాజ్యాంగసభ రాట్నమునకు బదులు అశోకుని చక్రమును నిలిపెను. ఆనాడు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ సభలో రంగుల అర్థమును మరల వివరించిరి. ఆకుపచ్చ మనకును నేలకును, పైరుపచ్చకును గల సంబంధమని చెప్పిరి. ఇరువదియారేండ్లలో అదే ఆకుపచ్చ ఒక మతమునుండి దేశపు మట్టికి వచ్చినది. పిల్లలు జెండావందనమున ఈ రంగుల అర్థములను అప్పగించుచుందురు; ఈ అర్థములు ఆకాశమునుండి ఊడిపడలేదనియు, పెద్దలు కూర్చుండి, వాదించుకొని, తీర్మానించుకొన్నవనియు కూడ వారికి చెప్పినచో ఆ పాఠమునకు ప్రాణము వచ్చును.

ఇట్టివి ఇంటిలోనే ఎన్నో దొరకును. బిడ్డ చేతికి వచ్చు ప్రభుత్వపు కాగితముపై గండభేరుండపక్షి యుండును; అది మైసూరు ఒడెయరుల చిహ్నమునుండి కర్ణాటక రాష్ట్రమునకు వచ్చినది. జహీరాబాదులోని మేనమామ యింటికి పోయినచో అచటి కాగితములపై కాకతీయుల తోరణము, చార్మినారు కనబడును. ఆంధ్రప్రదేశపు చిహ్నములో పూర్ణకుంభమున్నది. అమరావతి పలకలపై చెక్కిన ఆ నిండుకుండయే. మన పెండ్లి పందిటిలోని కలశమును చూచిన బిడ్డ దానిని వెంటనే గుర్తుపట్టును. ఈ మూడింటిని ఒకచోట అతికించి ప్రక్కప్రక్కన చూడుమనుట ఒక సాయంకాలమునకు చాలిన పని.

నేర్పు తీరునుగూర్చి రెండు మాటలు. మొట్టమొదట అర్థము నడుగరాదు. ‘ఏమేమి కనబడుచున్నది?’ అని యడిగి, కనబడిన దంతయు చెప్పనిండు. కాలికడియము, మూలనున్న కుక్క, విరిగిన కొన, అన్నియు. పెద్దలకంటె పిల్లలు ఎక్కువ చూతురు. పిమ్మట ఆ వస్తువు ఎచటిదని అడుగుడు. గుడి గడపపైనుండు బొమ్మకును, సమాధి గోడపైనుండు బొమ్మకును, పొలము గట్టుననుండు రాతికిని పనులు వేరు. అటుపిమ్మట దాని ప్రక్క నేమున్నవో చూడుడు. ఈ మూడును అయిన తరువాత అర్థము దానంతట అదే వచ్చుట తరచు. రానిచో, ఆ ఊరి ముసలివారిని అడుగుడు. కన్నడములో అడుగవలసి రావచ్చును, దక్కనీలో అడుగవలసి రావచ్చును. ఇంటికి వచ్చి తెలుగులో చెప్పుకొనవచ్చును. చదువు రాని తల్లి ఈ పనిలో బిడ్డకంటె వెనుకబడదు. పసుపు, కుంకుమ, గాజు, కలశము, దిష్టిబొమ్మ, గుమ్మపు మామిడాకు వీని లెక్కలన్నియు ఆమెవద్దనే యున్నవి. బడి పుస్తకములలో వానికి చోటు మిక్కిలి తక్కువ.

సెలవు దినమున బయలుదేరదలచినవారు హుమనాబాదు ప్రక్కనున్న జలసంగ్వికి పోవలెనని నా సలహా. కల్యాణచాళుక్యులలో ఆరవ విక్రమాదిత్యుడు 1076 నుండి 1126 వరకు ఏలెను. ఆ కాలపు శివాలయ మొకటి అచట కలదు. గోడల వెలుపల స్త్రీల శిల్పములు వరుసగా నున్నవి. అద్దము చూచుకొను స్త్రీలు ఏ గుడిలోనైనను కనబడుదురు. ఇచటి శిల్పములలో ఒక స్త్రీ పలకపై అక్షరములు వ్రాయుచున్నది. ఆమె వ్రాయునది విక్రమాదిత్యుని పొగడు సంస్కృత వాక్యములు. రాజును పొగడుటకు శిల్పి ఒక విద్యావతి చేతిని ఎన్నుకొనుట ఎందుకని పిల్లలనే అడుగుడు. ఆడపిల్లలను ముందుగా అడుగుడు. చాళుక్యుల కాలమున తెలుగు, కన్నడ లిపులు ఇంకను పూర్తిగా వేరుపడలేదు. కనుక మన పిల్లలు ఆ పలకపై తమకు తెలిసిన అక్షర మేదైన నున్నదేమో వెదకవచ్చును. కాగితము, పెన్సిలు వెంట తీసికొనిపోవుడు. రాతిపై సుద్దతో గీయనీయకుడు.